పెద్దావిడకు కొత్త లైట్లు

ఆ శనివారం మెర్విన్ ప్రాసర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున టోస్టు తిని గ్యారేజీలోకి వెళ్ళాలి. మధ్యాహ్న భోజనంలోగా తన పాత స్పోర్ట్స్ కారు ముందు రెండు అదనపు లైట్లు బిగించాలి. సాయంత్రం ఆ వెలుగులో పాతకార్ల క్లబ్బు వాళ్ళతో కలిసి ఊళ్ళో పబ్బుకు వెళ్ళి రావాలి. ఇంతే. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండవలసినది ఏమీ లేదు.

ఆ కారు ఆకుపచ్చది, రెండే సీట్లది, గుడ్డ కప్పుది. వయసులో దాదాపు మెర్విన్ ఈడుది. అతను దాన్ని పెద్దావిడ అంటాడు. దానికి పుట్టుకతో వచ్చిన హెడ్‌లైట్లు అలసిపోయిన కళ్ళలాంటివి. దారి పక్క పొదలను చూపించవు, అక్కడ పొదలున్నాయని నమ్మమంటాయి. అక్టోబరు చివర చలికాలం కోసం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక, ఇంగ్లండులోని ఆ ష్రాప్‌షైర్ జిల్లాలో తేనీటి వేళకే చీకటి పడుతుంది. అందుకే కొత్త లైట్లు కావలసివచ్చాయి.

"ఇవాళ ఏమిటో గుర్తుందా?" అని అడిగింది అతని భార్య గ్లెనిస్, టోస్టు మీద మార్మలేడ్ రాస్తూ.

"గుర్తుంది."

"చెప్పు, వింటాను."

"పెద్దావిడ తన చక్రాల మీద పబ్బుకు వెళ్ళాలి. తన చక్రాల మీదే ఇంటికి రావాలి."

"రాకపోతే?"

"సోమవారం హెరిఫోర్డ్ నుంచి ఆయనొచ్చి చూసుకుంటాడు."

"చూసుకోడు, కొనుక్కుని తోలుకుపోతాడు. ఆ తర్వాత గ్యారేజీలో కుండలు కాల్చుకునే నా ఆవం దిగుతుంది. ఇది నేను పెట్టిన షరతు కాదు మెర్విన్, నువ్వు ఒప్పుకున్నది."

ఒప్పుకున్న మాట నిజమే. పోయిన వసంతంలో పెద్దావిడ క్లబ్బు షికారుకు వెళ్ళి, దారిలో చెడిపోయి, లారీ ఎక్కి ఇంటికొచ్చింది. వేసవిలో కూడా లారీ మీదే వచ్చింది. రెండోసారి ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చి చేతులూపారు. గ్లెనిస్ కుండలు, కూజాలు చేస్తుంది. బడి ఆఫీసులో ఉద్యోగం విరమించాక ఆమె మనసంతా మట్టి మీదే ఉంది. అయితే కాల్చడానికి సొంత ఆవం లేదు. పచ్చికుండలను గుడ్డల్లో చుట్టుకుని, గుంతల దారిలో లడ్లో పట్టణం దాకా స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళాలి. వెళ్ళినవాటిలో సగం దారిలోనే పెంకులైపోతాయి. కరెంటు ఆవం కొనుక్కుంటే పెట్టడానికి తగిన చోటు, దాన్ని మోయగల మందపాటి తీగ ఇంట్లో గ్యారేజీకే ఉన్నాయి. ఆ గ్యారేజీలో పెద్దావిడ ఉంది.

"ఈ ఇంట్లో పెద్దావిడ ఎవరో సాయంత్రానికి తేలిపోతుంది" అంటూ గ్లెనిస్ పళ్ళేలు తీసింది. "నేనూ ఖాళీగా లేను. ఆరింటిలోగా నా కూజా ఊరి హాలులో బల్ల మీద ఉండాలి. ఆరు దాటితే పోటీలోకి తీసుకోరు."

మెర్విన్ గ్యారేజీలోకి వెళ్ళి రేడియో పెట్టుకున్నాడు. అతను ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా గ్రంథాలయంలో పనిచేసినవాడు. ఏ పనైనా దాని గురించి చదవకుండా మొదలుపెట్టడు. పాత ఇంగ్లిషు కార్ల కరెంటు గురించి చదివినకొద్దీ ఒక హెచ్చరిక మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఆ కాలపు కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను కారు ఒంటికి కలిపేవారు. తర్వాత లోకమంతా దాన్ని తిరగేసి నెగటివ్ కొసను కలపడం మొదలుపెట్టింది. కొత్త సామానును పాత కారుకు తగిలించేవాడు ముందుగా పడే గొయ్యి ఇదే. క్లబ్బులో పడనివాళ్ళు లేరు. క్లబ్బు అధ్యక్షుడు జెఫ్రీ పడినరోజున అతని కొత్త రేడియో ఒక్క ముక్క వార్త చదివి, పొగ వదిలి, మరి మాట్లాడలేదు.

మెర్విన్ పడలేదు. ప్రతి తీగనూ రెండుసార్లు చూసుకుని, పాజిటివ్‌నూ నెగటివ్‌నూ ఎక్కడివక్కడ కలిపాడు. ఆ గొయ్యి దాటిన సంతోషంలో మిగిలిన దారి మీద అతని చూపు కాస్త తగ్గింది.

మిగిలింది ఒక్క తీగే. కొత్త లైట్లు వాటంతట అవి వెలగకూడదు. కారు హైబీమ్, అంటే దూరానికి పడే వెలుగు, వేసినప్పుడే వెలగాలి, అది తీసెయ్యగానే ఆరిపోవాలి. చట్టం కూడా అదే చెబుతుంది. కాబట్టి ఇంజను పక్కనుంచి వెళ్ళే తీగల కట్టలో హైబీమ్ తీగను పట్టుకుని దానికి కలపాలి. అది నీలం తీగ, దాని మీద తెల్ల చార ఉంటుంది. కానీ అరవై ఏళ్ళ నూనె, దుమ్ము పట్టాక నీలం, ఆకుపచ్చ ఒక్కలాగే ఉంటాయి. తెల్ల చార, ఊదా చార రెండూ బూడిద రంగుకు వచ్చేస్తాయి. మెర్విన్ టార్చిలైటు పళ్ళ మధ్య పట్టుకుని, ఒక తీగను గుడ్డతో తుడిచి, తల ఇటు వంచి అటు వంచి చూసి, ఇది నీలమే అని తీర్మానించాడు.

"గ్లెనిస్, ఒక్క నిమిషం వస్తావా?"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కారులో కూర్చుంది. కారును అప్పటికే గ్యారేజీ ముందు వాలులోకి తెచ్చి, ముక్కు రోడ్డు వైపు పెట్టాడు.

"ఏం చెయ్యాలి?"

"ముందు కుడికాలు బ్రేకు మీద గట్టిగా పెట్టు. హ్యాండ్‌బ్రేకు మీద నాకు నమ్మకం లేదు. ఎడమకాలి దగ్గర నేల మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే హైబీమ్."

"చేతులకు ఏ పనీ లేదా?"

"లేదు."

"మరి అన్నీ కాళ్ళతోనే చేసే బండిని నువ్వు చేతులు పాడుచేసుకుని బాగుచేస్తావెందుకో."

మెర్విన్ కారు ముందుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కానియ్."

గ్లెనిస్ రెండు కాళ్ళూ ఒక్కసారే నొక్కింది. రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. ఎదురుగా ఉన్న పొదల్లో ఒక్కో ఆకూ విడిగా కనిపించింది. చెత్తబుట్ట వెనక దాక్కున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది.

"బ్రహ్మాండం. ఇక తియ్యి."

గ్లెనిస్ రెండు కాళ్ళూ తీసేసింది. లైట్లు ఆరిపోయాయి. పెద్దావిడ నెమ్మదిగా మెర్విన్ మీదికి దొర్లింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

"బ్రేకు తియ్యమనలేదు."

"తియ్యి అన్నావు, తీశాను. రెండు కాళ్ళలో ఏదో చెప్పాలి కదా."

"మళ్ళీ ఒకసారి."

ఆమె మళ్ళీ రెండు కాళ్ళూ పెట్టింది, మళ్ళీ వెలిగాయి. రెండు కాళ్ళూ తీసింది, మళ్ళీ ఆరాయి. గ్రంథాలయంలో కొత్త రిజిస్టరును కూడా ఇంత శ్రద్ధగా పరీక్షించలేదని మెర్విన్ తృప్తిపడ్డాడు. వెలిగించింది ఏ కాలో అడగాలని ఇద్దరికీ తోచలేదు.

వెలుతురు తగ్గే వేళకు జెఫ్రీ ఎర్ర కారులో వచ్చాడు. అతని వెనక క్లబ్బు కార్లు మరికొన్ని వచ్చి గేటు బయట ఆగాయి. జెఫ్రీ ఒకప్పుడు మేజిస్ట్రేటు. ఇప్పటికీ ఎవరు ఏం చెప్పినా సాక్ష్యం వింటున్నట్టు తల ఒక పక్కకు పెట్టి వింటాడు.

"పెద్దరోడ్డు మీద నీళ్ళ గొట్టం పగిలిందట మెర్విన్. రోడ్డు మూసేశారు. జిల్లా అంతా ఇవాళ మన దారినే వస్తోంది. కొత్త లైట్లు ఉన్నవాడివి, ముందు నువ్వే నడు."

మెర్విన్ జీవితంలో అతన్ని ముందు నడవమన్నవాళ్ళు తక్కువ. టోపీ సర్దుకుని కారెక్కాడు.

మెర్విన్ ఇంటి నుంచి ఊరికి పోయే దారి ఒక కారు పట్టేంతే ఉంటుంది. రెండు పక్కలా మనిషికి మించి ఎత్తున పొదల గోడలు. అక్కడక్కడ తప్పుకోవడానికి కొంచెం వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి. ఎదురుగా బండి వస్తే ఎవరికి ఆ చోటు దగ్గరో వాళ్ళు వెనక్కి వెళతారు. వెళ్ళేముందు లైటు ఒకసారి మిణుకుమనిపిస్తారు. ముందు మీరు రండి అని దానర్థం. అవతలివాళ్ళు స్టీరింగు మీదనుంచి ఒక వేలు పైకెత్తుతారు. అది కృతజ్ఞత. ఈ రెండు సైగలతో ఆ దారిలో తరాలు గడిచిపోయాయి. ఎవరూ కిటికీ దించవలసిన అవసరం రాలేదు.

మొదటి మలుపు తిరగగానే ఎదురుగా దాణా లారీ కనిపించింది. దాని వెనకే తప్పుకునే చోటు ఉంది. లారీ వెనక్కి వెళ్ళబోతోంది కూడా. మెర్విన్ మర్యాదగా ఆగి చూద్దామని బ్రేకు వేశాడు. పొదలన్నీ తళుక్కుమన్నాయి. లారీవాడు లైటు వేశాడు కాబోలు అనుకున్నాడు మెర్విన్. లారీవాడు ఆగాడు, ఒక వేలెత్తాడు, ముందుకు వచ్చేశాడు.

"ఇదేమిటి, ఇతనికి చోటు వెనకే ఉందిగా" అనుకుంటూ మెర్విన్ రివర్సు వేశాడు. అతని వెనక జెఫ్రీ, జెఫ్రీ వెనక మిగతావాళ్ళు, పాత కార్లన్నీ మెడలు వెనక్కి తిప్పుకుని పాకాయి. మెర్విన్ నిదానంగా, జాగ్రత్త కోసం మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ వెళ్ళాడు. తొక్కినప్పుడల్లా లారీవాడికి రండి రండి అని పిలుపు అందుతోంది. అతను అంత ఆదరానికి కరిగిపోయి, బంపరు దాకా వచ్చేశాడు. వెడల్పైన చోట పక్కనుంచి దాటేటప్పుడు కిటికీ దించి మరీ అన్నాడు.

"మీలాంటి వాళ్ళుండబట్టే సార్."

"అయ్యో, దానిదేముంది" అన్నాడు మెర్విన్. ఎందుకన్నాడో అతనికి తెలియదు. ఆ దేశంలో ఎవరైనా కృతజ్ఞత చెబితే, తను ఏం చేశాడో తెలియకపోయినా కాదనకూడదు.

మళ్ళీ ముందుకు కదిలారు. ఈసారి చర్చి గంటలు మోగించే బృందం మినీబస్సులో ఎదురైంది. మెర్విన్ బ్రేకు వేశాడు. బస్సు బదులుగా లైటు మిణుకుమనిపించింది, ముందు మీరే రండి అని. మెర్విన్ కదిలి, దారి చాలదేమోనని అనుమానం వచ్చి మళ్ళీ బ్రేకు వేశాడు. అబ్బే, మీరే రండి అన్నట్టయింది. బస్సు మళ్ళీ మిణుకుమంది. ఈ మర్యాద ఎంతసేపు సాగేదో గాని, బస్సు వెనక చేరిన సామాను వ్యాన్లు హారన్ కొట్టాయి. బస్సులో ముందు కూర్చున్న ముసలావిడ అద్దానికి దగ్గరగా వచ్చి రెండు చేతులూ జోడించినంత పనిచేసింది. బస్సు వచ్చేసింది. దాని వెనక వ్యాన్లూ వచ్చేశాయి. క్లబ్బు మొత్తం మొదటి మలుపు దాకా వెనక్కి వచ్చింది.

జెఫ్రీ కారు దిగి వచ్చి మెర్విన్ కిటికీ మీద కొట్టాడు. వెనకనుంచి అతనికి కనిపించేవి ఎర్ర బ్రేకు లైట్లే.

"మెర్విన్, మర్యాదకైనా ఒక హద్దుంటుంది. కోర్టులో నేను కూడా ఇంతమందిని వదిలిపెట్టలేదు."

"నేనేం చేశాను? వాళ్ళే మీదికి వస్తున్నారు."

"వచ్చినవాడల్లా నీకు దణ్ణం పెట్టి పోతున్నాడే."

"అదే నాకూ అర్థం కావడంలేదు."

"గట్టిగా ఉండవయ్యా. ఈసారి ఎవరొచ్చినా నువ్వు కదలకు. ఆగి, అక్కడే ఉండు."

మెర్విన్ ఆ సలహాను అక్షరాలా పాటించాడు. ఈసారి ఎదురైంది పాల ట్యాంకరు. దారికి ఇటు పొదా అటు పొదా రాసుకుంటూ వస్తోంది. మెర్విన్ ఆగాడు. బ్రేకును గుండె ధైర్యమంతా కూడగట్టి తొక్కి, అలాగే ఉంచాడు. కొత్త లైట్లు ట్యాంకరు ముందు గులాబీలు చల్లినట్టుగా దారంతా వెలిగించాయి. ట్యాంకరు హుందాగా ముందుకు వచ్చింది. ఇంకా వచ్చింది. దానికి తప్పుకునే చోటు ఈ దారి పొడుగునా ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఒక్క మెర్విన్ ఇంటి గేటే.

వెనకున్న కార్లు ఒక్కొక్కటిగా వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ గేటులో దూరాయి. గ్లెనిస్ కారు గ్యారేజీ పక్కన ఉంది. దాని ముందొకటి, ఆ ముందొకటి, దాని పక్కనొకటి నిండిపోయాయి. అందరికంటే ఆఖర్న పెద్దావిడ లోపలికి పాకి, ముక్కు రోడ్డు వైపు పెట్టి నిలబడింది. ట్యాంకరు గేటు ముందు ఆగింది. నడుపుతున్నావిడ తల బయటకు పెట్టింది.

"మలుపు దగ్గర నేనే వెనక్కి తగ్గుదామనుకున్నానండీ. పాపం ఇంటిదాకా రమ్మని దారి చూపించారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు ఇలా?"

"ఫరవాలేదండీ" అన్నాడు మెర్విన్, నీరసంగా.

గ్లెనిస్ వంటింటి తలుపు తీసేసరికి పాతకార్ల క్లబ్బంతా చలికి చేతులు రుద్దుకుంటూ మెట్ల మీద నిలబడి ఉంది. ఆమె అందరినీ చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది.

"అప్పుడే పబ్బుకు వెళ్ళొచ్చారా?"

"వెళుతూ వచ్చేశాం" అన్నాడు మెర్విన్.

చెప్పవలసినంతా చెప్పాడు. ఆమె కెటిల్ పెట్టి విన్నది. అందరికీ టీ పోసింది. కప్పులన్నీ ఆమె చేసినవే. ఏ రెండూ ఒక్కలా లేవు. తాగుతున్నవాళ్ళు కప్పును తిప్పి అడుగుభాగం చూసి తలలూపారు. పెద్దావిడ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చివరకు మెర్విన్ తనే ఎత్తాడు.

"తన చక్రాల మీదే ఇంటికొచ్చింది గ్లెనిస్. లారీ ఎక్కలేదు."

"పబ్బుకు వెళ్ళిందా?"

మెర్విన్ జెఫ్రీ వైపు చూశాడు. జెఫ్రీ తల పక్కకు వంచి ఆలోచించాడు. స్నేహం వేరు, న్యాయం వేరు అన్నది అతని ముఖంలో కనిపించింది.

"వెళ్ళడం జరగలేదు కాబట్టి రావడం లెక్కలోకి రాదు" అన్నాడు.

మెర్విన్ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. హెరిఫోర్డ్ ఆయన ఎలాంటివాడో, కారును బయట వానలో ఉంచుతాడో లోపల ఉంచుతాడో అని ఆలోచిస్తున్నాడు. గ్లెనిస్‌కు అతన్ని చూస్తే జాలి వేయకపోలేదు. అంతలో ఆమె కళ్ళు గోడగడియారం మీద పడ్డాయి.

"నా కూజా."

బల్ల మీద ఆ కూజా తువ్వాలు కప్పుకుని ఉంది. పొడుగు మెడది, నీలిరంగు మెరుపుది. లడ్లో నుంచి చిట్లకుండా తిరిగొచ్చిన ఒకే ఒక్కటి. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తుకుని బయటకు నడిచింది. తన కారు చుట్టూ ఉన్న కార్లను చూసి ఆగిపోయింది.

"ఇవన్నీ ఎవరివో వాళ్ళు తియ్యండి."

అందరూ చురుగ్గా కదిలారు. మధ్యలో ఉన్న తెల్లకారు స్టార్టవలేదు. దాన్ని నెట్టాలంటే ఎర్రకారు జరగాలి. ఎర్రకారు జరగాలంటే తెల్లకారు కదలాలి. క్లబ్బు సభ్యులు తెల్లకారు బానెట్ ఎత్తి, ఒకరికి తెలియని సంగతి ఇంకొకరికి చెప్పడం మొదలుపెట్టారు. గ్లెనిస్ అటు చూడటం మానేసి గేటు వైపు చూసింది. దారికి అడ్డం లేకుండా బయటకు వెళ్ళగల బండి ఒక్కటే ఉంది.

"తాళంచెవి ఇలా ఇయ్యి."

"నువ్వెప్పుడూ దాన్ని నడపలేదు గ్లెనిస్."

"మా నాన్న ట్రాక్టరు నడిపాను. దానికీ అన్నీ కాళ్ళతోనే."

"పోనీ నేను నడుపుతాను, నువ్వు కూజా పట్టుకో."

"నువ్వు నడిపితే నా కూజా దారిలో అందరికీ దారిచ్చి క్రిస్మస్‌కు చేరుతుంది."

"అయితే నేను కూజా పట్టుకుంటాను, నువ్వు నడుపు."

"నీ చేతులు గ్రీజు. అది నీలం."

కూజాను పక్క సీట్లో కూర్చోబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కింది. బ్రేకు వేస్తే ముందుకు బోర్లాపడుతుంది కాబట్టి బ్రేకు మాట తలపెట్టకూడదని తనలో తాను గట్టిగా చెప్పుకుంది. తర్వాత లైట్లు వేసి, గేరు వేసి, వెళ్ళిపోయింది. మలుపు దగ్గర కూడా వేగం తగ్గిన శబ్దం రాలేదు.

మెర్విన్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు లారీ కోసం నిలబడినట్టే నిలబడ్డాడు, కాకపోతే ఈసారి కారులో భార్య ఉంది. క్లబ్బు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన చేరారు. కొంతసేపటికి అవతలి పొలం రైతు డిల్విన్ ట్రాక్టరు మీద ఊరి వైపు నుంచి వచ్చాడు. టోపీలో, చెవి వెనక, కాలరులో పొదల ఆకులున్నాయి.

"ఏం మెర్విన్, మీ ఆవిడ ఎక్కడికో తొందరలో ఉన్నట్టుంది."

"కనబడిందా?"

"కనబడటమా. లైటు మిణుకుమనిపించదు, చెయ్యి ఎత్తదు, ఆగదు. నేరుగా వస్తోంది. సరే, ఆగుతుందిలే అనుకున్నా. తర్వాత అనుకోవడానికి టైము లేకపోయింది. దుంపల చేలోకి తిప్పేశా."

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"అదే అడిగింది మీ ఆవిడ కూడా, కిటికీలోంచి. నన్ను కాదు, కూజాను." డిల్విన్ టోపీ తీసి దులిపాడు. "నా వెనక వచ్చే వ్యాన్లు, గుర్రాల బండి, అన్నీ బాణం దెబ్బకు చెదిరిన పిట్టల్లా గేట్లలోకి పోయాయి. నలభై ఏళ్ళుగా ఈ దారిలో తిరుగుతున్నా. ఒక కారు ఊరిదాకా ఆగకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి చూడటం."

ఆరు దాటాక దూరంగా ఇంజను మోత వినిపించింది. పెద్దావిడ మోత మెర్విన్‌కు నిద్రలో కూడా తెలుస్తుంది. కానీ ఇంత గట్టిగా, ఇంత హుషారుగా అది ఎప్పుడూ వినబడలేదు. మలుపు తిరిగి, దారి మధ్యనుంచి దూసుకొచ్చి, గేటులోకి మళ్ళి, అప్పుడు మాత్రమే గ్లెనిస్ బ్రేకు తొక్కింది.

గేటు దగ్గర నిలబడ్డవాళ్ళందరి ముఖాలూ తెల్లగా వెలిగిపోయాయి. అందరూ ఒకేసారి చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఆమె కాలు తీసింది. చీకటి. కారు వాలులో దొర్లబోతుంటే మళ్ళీ తొక్కింది. మళ్ళీ వెలుగు.

జెఫ్రీ చెయ్యి దించి, తల పక్కకు పెట్టాడు.

"మెర్విన్" అన్నాడు, చాలా మెల్లగా. "ఇంకొక్కసారి తొక్కమను."

గ్లెనిస్ తొక్కింది. వెలుగు. తీసింది. చీకటి. దాణా లారీవాడు, చర్చి గంటల ముసలావిడ, ట్యాంకరు ఆవిడ, ఒక్కొక్కరుగా మెర్విన్ కళ్ళ ముందు నుంచి వేలెత్తి నడిచిపోయారు. అతను పెద్దావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బానెట్ ఎత్తి, టార్చిలైటు పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ తీగను ఈసారి రుమాలు తడిపి తుడిచాడు.

"ఆకుపచ్చ" అన్నాడు. "ఊదా చార. బ్రేకు లైటు తీగ."

"అంటే ఇవాళంతా నువ్వు ఆగినప్పుడల్లా ఎదుటివాణ్ణి రమ్మన్నావన్నమాట" అన్నాడు జెఫ్రీ.

"గట్టిగా ఆగమన్నది నువ్వే."

జెఫ్రీ తెల్లకారు సంగతి చూడటానికి వెళ్ళబోయాడు. గ్లెనిస్ కారు దిగింది. చలిగాలికి బుగ్గలు ఎర్రబడ్డాయి, జుట్టు నాలుగు దిక్కులకూ లేచింది. మెర్విన్ ఆమెను అలా చూసి చాలాకాలమైంది.

"కూజా?" అన్నాడు.

"చేరింది. ఒక్క పగులు లేదు. లడ్లో నుంచి తెచ్చేటప్పుడు కూడా ఇంత బాగా రాలేదు." ఆమె బానెట్ మీద చెయ్యి వేసింది, గుర్రం మెడ మీద వేసినట్టు. "హాలు పక్కనే కదా పబ్బు. తిప్పుకోవడానికి పబ్బు ముంగిట్లోకి వెళ్ళి తిప్పుకున్నా. లోపలున్నవాళ్ళు బయటికొచ్చి చూశారు. జెఫ్రీ, మీరుండండి. ఈ బండి తన చక్రాల మీద పబ్బుకు వెళ్ళింది, తన చక్రాల మీద ఇంటికొచ్చింది. అవునా?"

జెఫ్రీ వెనక్కి తిరిగి, కాస్త నిటారుగా నిలబడ్డాడు. "నడిపేది ఎవరన్న మాట ఒప్పందంలో ఉందా?"

"లేదు" అన్నాడు మెర్విన్, ఆశగా.

"అయితే కారు నెగ్గింది."

క్లబ్బు వాళ్ళు చప్పట్లు కొట్టారు. డిల్విన్ ట్రాక్టరు మీదనుంచి ఒక వేలెత్తాడు. మెర్విన్ చేతులు రుమాలుకు తుడుచుకున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, ఏం అడగాలో అదే అడిగాడు.

"మరి నీ ఆవం?"

"అది కూడా వస్తుంది. నీ పుస్తకాల గదిలో పెడతా. తీగ అక్కడిదాకా లాగించాలి."

"తీగ నేను..."

"వద్దు. మనిషిని పిలుద్దాం."

"మరి పుస్తకాలు?"

"గ్యారేజీలో పెట్టుకో. నువ్వు చదివేది ఎలాగూ అక్కడే."

సోమవారం హెరిఫోర్డ్ ఆయన ఫోను చేస్తే గ్లెనిసే తీసింది. కారు అమ్మకానికి లేదని, ఇంట్లో వాడుకలో ఉందని చెప్పింది. ఆ సమయానికి మెర్విన్ ఆకుపచ్చ తీగను విడదీసి, అసలైన నీలం తీగను వెతికిపట్టుకుని, దానికి కలుపుతున్నాడు. ఇప్పుడు ఆ రెండు లైట్లు చట్టం చెప్పినట్టే వెలుగుతున్నాయి. పచ్చికుండలు లడ్లోకు వెళ్ళే పని తప్పినా, కాలినవి అంగళ్ళకు, పోటీలకు చేర్చే పని గ్లెనిస్‌కు వారం వారం ఉంటూనే ఉంది. దారి ఇంత బాగా కనబడటం ఎప్పుడూ లేదని ఆమె అంటుంది. పక్క సీట్లోంచి చూసినా బాగానే కనబడుతుందని, ఒళ్ళో కూజా పట్టుకుని, మెర్విన్ ఒప్పుకుంటాడు.